పెళ్లి బట్టలకి ఇద్దరమే వెళ్తే తప్పా? 14 మందితో టెంపో తప్పించుకునే దారి చెప్పండి

ఫాల్గుణంలో_పెళ్లి
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మాది తెనాలి, అబ్బాయి వాళ్లది కరీంనగర్. ఇద్దరం హైదరాబాద్‌లోనే ఉద్యోగాలు. నిశ్చితార్థం అయిపోయింది, ఫాల్గుణంలో ముహూర్తం. వచ్చే ఆదివారం బట్టలకి వెళ్దామని పెద్దవాళ్లు అనుకున్నారు. లెక్క వేస్తే ఇప్పటికి 14 మంది తేలారు. అమ్మ, పిన్ని, ఇద్దరు మేనత్తలు, వాళ్ల వైపు నుంచి అత్తయ్యగారు, ఆడపడుచు, వాళ్ల పెద్దమ్మ... టెంపో మాట్లాడుతున్నారట. మా అక్క పెళ్లికి ఇలాగే వెళ్లి పొద్దున 11కి షాపులో కూర్చుంటే రాత్రి 9కి లేచాం. చివరికి అక్క కట్టుకున్నది అక్కకి నచ్చిన చీర కాదు, అందరికీ ఓపిక అయిపోయిన టైముకి చేతిలో ఉన్న చీర.

ఆయనేమో "మనిద్దరం ముందే వెళ్లి కొనేసుకుందాం" అంటున్నారు. కొంటే గొడవ, కొనకపోతే జీవితాంతం ఆల్బమ్ చూసినప్పుడల్లా ఏడుపు. నా చీరలన్నిటికీ కలిపి 1,20,000, ఆయన బట్టలకి 40,000 అనుకున్నాం. ముహూర్తానికి కంచిపట్టు కట్టుకోవాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. పైగా ఎవరు ఎవరికి ఏం కొనాలన్నది రెండు వైపులా రెండు రకాలుగా చెప్తున్నారు. మీరంతా ఎలా గట్టెక్కారు?

గోదారిగట్టు_పిన్ని
అమ్మాయీ, కొనేసి వచ్చి చెప్పడం మాత్రం చెయ్యకు. ఆ చీర ఎంత బాగున్నా మీ అత్తగారి కంటికి బాగుండదు.

ఒక పని చెయ్యి. శనివారం మీరిద్దరే వెళ్లండి. రెండు మూడు షాపులు తిరగండి, నీకు ఏ రంగు నప్పుతుందో, మీ డబ్బుకి ఏ మాత్రం చీర వస్తుందో తేల్చుకోండి. కొనకండి. ఆదివారం అందరినీ ఆ షాపుకే తీసుకెళ్లి, "అత్తయ్యా, మీరు చూడండి" అని వాళ్ల ముందు పెట్టు. నలుగురూ నాలుగు తీశాక నీకు నచ్చింది ఐదోదిగా వస్తుంది. మేం నలుగురు అక్కచెల్లెళ్లం, నలుగురివీ అలాగే అయ్యాయి.

14 మందిని మాత్రం 6కి తగ్గించండి. మిగతా వాళ్లని చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు కొనే రోజుకి పిలవండి. ఆ రోజు ఎంతమంది ఉంటే అంత సాయం.

ఖాళీ_జేబు
14 మందికి మధ్యాహ్నం భోజనాలు ఎవరి లెక్కలో రాశారు?

కరీంనగర్_వదిన
చెల్లె, నేను గా దిక్కు దాన్నే కాబట్టి చెప్తున్న. మా దిక్కు లగ్గం చీరె పిలగాని వాళ్లే పెడ్తరు. పుస్తె మట్టెలు గుడ వాళ్లయే. పిలగాని బట్టలు పిల్ల వాళ్లు పెడ్తరు. గట్లని అందరి ఇండ్లల్ల ఒక్కతీరుగ ఉండది, మా ఇంట్లనే మా పెద్దక్కకు ఒక తీరు, నాకు ఒక తీరు అయింది. కొట్లాట చీరె గురించి రాదు, "మాకు చెప్పలె" అన్న దాని గురించి వస్తది. మీ అత్తమ్మకు నువ్వే ఫోన్ చేసి, "లగ్గం చీరె మీరు పెట్టేదేనా అత్తమ్మా, నాకు కంచిపట్టు ఇష్టం" అని అడుగు. మస్తు సంబుర పడ్తది. నడిమిట్ల పిలగానితోని చెప్పించకు. ఆయన ఒకటి చెప్తే ఆడ ఇంకోటి అర్థమైతది.

ఫాల్గుణంలో_పెళ్లి
వదినా, మీరు చెప్పినట్టే ఇప్పుడే ఫోన్ చేశాను. అత్తయ్యగారు నిజంగానే సంతోషించారు. ముహూర్తం చీర, రిసెప్షన్ చీర వాళ్లవట. పెళ్లికూతుర్ని చేసే రోజు చీర, మధుపర్కాలు, ఆయన బట్టలు మావి. టెంపో మాత్రం రద్దు కాలేదు.

పిన్నిగారి ప్లాన్ ఆయనకి చెప్పాను. శనివారం వెళ్తున్నాం. కంచిపట్టు చూసేటప్పుడు మోసపోకుండా ఏం చూడాలో ఎవరైనా చెప్పండి. నాకు మెరిస్తే పట్టు, మెరవకపోతే కాటన్. అంతవరకే తెలుసు.

నేతింటి_బిడ్డ
మాది ధర్మవరం. మా నాయన ముప్పై ఏళ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూచున్నాడు. నేను కంప్యూటర్ ముందు కూచున్నా, చీర చూస్తే చెయ్యి ముందు అంచు మీదకే పోతుంది.

మొదట మాటలు వినండి. షాపులో "కంచి మోడల్", "కంచి బోర్డర్", "సెమీ కంచి" అన్నారంటే అది కంచిపట్టు కాదని వాళ్లే చెప్తున్నట్టు. అబద్ధం ఆడట్లేదు, మనమే సరిగ్గా వినట్లేదు.

చీర విప్పించి తిరగేయించండి. ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు ఉన్న అసలు కుట్టంచు చీరలో ఆ రెండూ కలిసే గీత దగ్గర ఒళ్లు పేక (అడ్డం) పోగు, అంచు పేక పోగు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని ఉంటాయి. కంచిలో దీన్నే కొరవై అంటారు. వేలితో రాస్తే సన్న గరుకు తెలుస్తుంది. దీనికి మూడు నాడెలు (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేవి) ఆడాలి, పక్కన ఇంకో మనిషి కూచుని నాడె అందించాలి. అందుకే ఆ ధర. రెండు అంచులూ ఒళ్లూ ఒకే నాడెతో నేసిన చీర కూడా పట్టే, చవగ్గా వస్తుంది, తప్పేం లేదు. కుట్టంచు ధర పెట్టి దాన్ని కొనకండి, అంతే.

కొంగు మొదలయ్యే చోట చూడండి. కొంగు రంగు మారాలంటే పాత పడుగు (నిలువు) పోగులకి కొత్త రంగు పోగుల్ని ఒక్కొక్కటే కలుపుతారు. అక్కడ అడ్డంగా కొంచెం మందంగా గీతలా కనిపిస్తుంది. మా బంధువు ఒకావిడ అది చూసి "డ్యామేజీ ఉంది, 500 తగ్గించు" అని గంట వాదించింది. తగ్గించాడు కూడా! ఆ గీత ఉన్నందుకు నిజానికి ఇంకో రెండు వేలు ఎక్కువ అడగాల్సింది.

జరీ. అసలు జరీ అంటే లోపల పట్టుదారం, మామూలుగా ఎర్రటిది, దాని చుట్టూ వెండి తీగ, పైన బంగారు పూత. టెస్టెడ్ జరీలో వెండి బదులు రాగి. ఆ కింద రకం ప్లాస్టిక్ పోగు. వెండి రేటు పెరిగితే అసలు జరీ చీర రేటు పెరగడం దీనివల్లే. కొస పోగు ఒకటి గీరి చూస్తే ఎరుపు కనిపించాలి అంటారు గానీ ఏ షాపువాడూ కొత్త చీర గీరనివ్వడు. జరీ పరీక్షించే మిషన్ కొన్ని పెద్ద షాపుల్లో ఉంటుంది, అడగండి. అడిగినప్పుడు వాళ్ల ముఖం చూసినా సగం తెలిసిపోతుంది.

సిల్క్ మార్క్ గురించి చాలామంది పొరబడతారు. 2004లో సెంట్రల్ సిల్క్ బోర్డు పెట్టిన గుర్తు అది. పట్టు నిజమైనదే అని చెప్తుంది, అక్కడితో దాని పని అయిపోయింది. జరీ సంగతి చెప్పదు. చేతిమగ్గమా, మరమగ్గమా అన్నదీ చెప్పదు. దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది.

చివరగా బిల్లు. "పట్టుచీర 1" అని రాస్తే ఒప్పుకోవద్దు. ప్యూర్ సిల్క్, ప్యూర్ జరీ, చేనేత, వాళ్లు నోటితో చెప్పినవన్నీ బిల్లు మీద రాయమనండి. నోటితో గట్టిగా చెప్పిన మనిషి పెన్ను పట్టుకున్నాక నీళ్లు నములుతాడు.

డాలస్_దొడ్డమ్మ
ధర్మవరం తమ్ముడూ, మా కోడలి చీర వీడియో కాల్‌లో కొన్నాం. ఫోన్‌లో వంగపండు రంగు, ఇక్కడికి వచ్చి విప్పితే బీట్‌రూట్. ముందు ఇది చదివి ఉంటే తిరగేసి చూపించమనేవాళ్లం. అయినా రంగు ఏం చేస్తాం!

కెమెరా_కన్ను
రంగు గురించి నేను చెప్తాను, పెళ్లిళ్ల ఫొటోలు తీసి బతికేవాణ్ని. షాపులో పైన ఉండే లైట్లు చీరని అమ్మడానికి పెట్టినవి. నచ్చిన చీరని గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతుర్లో చూడండి, ఎవరూ కాదనరు. అందుకే సాయంత్రం వెళ్లొద్దు.

ఇంకోటి. మండపం డెకరేషన్ ఏ రంగో ముందు కనుక్కోండి. మొన్నొక పెళ్లిలో వెనక గోడంతా ఎర్ర గులాబీలు, అమ్మాయి ఎర్ర కంచిపట్టు. ఫొటోల్లో మొహం, చేతులు తప్ప ఏమీ తేలలేదు. జరీ కలిపి నేసిన టిష్యూ పట్టు కంటికి ఎంత బాగుంటుందో ఫ్లాష్‌కి అంత ఇబ్బంది.

తెల్లచీర_పార్టీ
అందరూ కంచిపట్టు మీద పడ్డారు. నేనొకటి అడుగుతాను. ఈ అమ్మాయి ఆ చీరలో ఎంతసేపు ఉంటుంది?

నా పెళ్లిలో 38,000 పెట్టి కొన్న కంచిపట్టు జీలకర్ర బెల్లం అయ్యేదాకా ఒంటి మీద ఉంది. తర్వాత గదిలోకి తీసుకెళ్లి మధుపర్కం కట్టారు. తాళి కట్టింది, తలంబ్రాలు, ఏడడుగులు, అరుంధతి, అన్నీ ఆ చీరలోనే. దాని ఖరీదు 1,800. హాల్లో గోడకి తగిలించిన పెద్ద ఫొటో కూడా అదే. మరి దాన్ని ఎలా కొన్నామో చెప్పనా? పెళ్లికి ఐదు రోజుల ముందు మా బాబాయి పూజాసామాన్ల కొట్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలతో పాటు తెచ్చాడు! గంజి పెట్టిన అట్ట. కూర్చుంటే ముందుకి గొడుగులా లేచింది. పలచన, లోపలి లంగా నాడా కూడా కనిపించింది. తలంబ్రాల ఫొటోల్లో నేను ఒక చేత్తో బియ్యం పోస్తూ ఇంకో చేత్తో కుచ్చిళ్లు నొక్కి పట్టుకుని ఉంటాను.

బడ్జెట్ కంచిపట్టులో తగ్గించుకోండి, మధుపర్కాలు మాత్రం మీరే స్వయంగా చూసి కొనుక్కోండి. మెత్తటి మంగళగిరి కాటన్‌లో ఎర్రంచుతో దొరుకుతాయి, పట్టు కలిసినవీ ఉన్నాయి. ముందే ఒకసారి కట్టి, కింద కూర్చుని చూసుకోండి.

శాస్త్రం_చదివిన_తాత
పై అమ్మాయి మాట సమంజసమే. మధుపర్కం అంటే అసలు బట్ట కాదు. పెరుగు, తేనె, నెయ్యి కలిపినది. ఇంటికి వచ్చిన వరుణ్ని గౌరవించి మామగారు ఇస్తాడు. దాంతో పాటు పెట్టే కొత్త బట్టలకి ఆ పేరు స్థిరపడిపోయింది. కాబట్టి అమ్మాయి తరఫు వారు కొనడం సబబే. తెలుపంటే అశుభం అని వాళ్ల వైపు ఎవరైనా అంటే పసుపు రాసిన అంచులు, ఎర్రంచు చూపించండి.

ఖాళీ_జేబు
తాతగారూ, ఆ పెరుగు తేనె మా పెళ్లిలో పంతులుగారు చేతిలో పోసి తాగమంటే అదేంటో తెలీక తలకి రాసుకున్నాను.

పంచె_కట్టిన_ఇంజినీర్
పెళ్లికొడుకు 40,000 గురించి ఎవరూ మాట్లాడలేదు, అలవాటే. నేను మాట్లాడతాను.

షేర్వానీ కొనకండి, అద్దెకి తీసుకోండి. రెండోసారి వేసుకున్న మొగాణ్ని నేను చూడలేదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 దాటిన కుట్టిన బట్టలకి జీఎస్టీ 18 శాతం. చీరలకి, పంచెలకి 5 శాతమే.

పట్టుపంచె గోచీ పోసి కట్టాలంటే దగ్గర దగ్గర 4 మీటర్లు ఉండాలి. షాపులో సెట్ పేరుతో 2 మీటర్ల లుంగీ పంచె అంటగడతారు, విప్పించి కొలవండి. పట్టు జారుతుంది. నడుముకి లోపల గుడ్డ బెల్టు తప్పనిసరి. ఉంగరం, ఫోన్, పంతులుగారి దక్షిణ పెట్టుకోవడానికి జేబు ఉండదు, తోడు పెళ్లికొడుకు జేబు మీద ఆధారపడాలి. వెల్క్రో పంచెలు మాత్రం వద్దు. సప్తపదిలో నాలుగో అడుగుకి మా తమ్ముడిది "చర్" మంది, పంతులుగారు కూడా మంత్రం ఆపేశారు.

మధుపర్కం పంచెకి పొందూరు ఖద్దరు చూడండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి నేస్తారు. రెండు గంటలు హోమం పొగలో కూర్చున్నా చెమట అంటదు. నా పెళ్లి బట్టల్లో ఇప్పటికీ కట్టేది అదొక్కటే.

అమ్మాయి చీరకి మ్యాచింగ్ అని ఆయనకి అదే రంగు కొనకండి. పంచె తెలుపో గంధమో ఉంచి, కండువా అంచు మాత్రం చీర అంచుతో కలపండి. చీరలోంచి కత్తిరించిన బ్లౌజు ముక్క జేబులో పెట్టుకుని పంచెల షాపుకి వెళ్లండి. ఫొటో పనికిరాదు.

మిషన్_టైలరక్క
ఆగండాగండి, బ్లౌజు ముక్క కత్తిరించే ముందు నా మాట వినండి. అమ్మాయి ఎత్తెంత? 5.6 దాటితే ముందు చీర మొత్తం ఒకసారి చుట్టి చూసుకుని, కొంగు సరిపోయాకే ముక్క తియ్యాలి. ఫాల్, పీకో ఆ తర్వాత. పెళ్లిరోజు వేసుకునే చెప్పులు వేసుకుని చూడాలి.

మగ్గం వర్క్‌కి తక్కువలో తక్కువ నెల రోజులు చేతిలో పెట్టుకోండి. ముహూర్తాలు ఎక్కువ ఉన్న నెలల్లో మా దగ్గర బ్లౌజులు గుట్టలు పడి ఉంటాయి. నిశ్చితార్థం నాటి కొలతలతో కుట్టించకండి, పెళ్లి పనుల్లో ప్రతి పెళ్లికూతురూ చిక్కుతుంది. ఒకరిద్దరు లావెక్కుతారు కూడా, అందుకే లోపల అటూ ఇటూ అంగుళం బట్ట వదలమని చెప్పండి. ట్రయల్‌కి వచ్చినప్పుడు అద్దం ముందు నిలబడి బాగుంది అని వెళ్లిపోతారు. అలా కాదు. రెండు చేతులూ తల మీదకి ఎత్తి చూడాలి. తలంబ్రాలు పొయ్యాలిగా! వర్క్ చేతులు బిగుసుకుపోయి దోసిలి భుజం దాటని పెళ్లికూతుళ్లని నేను చూశాను.

అరుగు_పెద్ద (నిర్వాహకులు)
ఇద్దరు ముగ్గురు షాపుల పేర్లు పెట్టి తిట్టారు, ఆ వ్యాఖ్యలు తీసేశాను. ఊరు, బజారు పేరు వరకు రాయండి చాలు. చర్చ బాగుంది, కొనసాగించండి.

బెజవాడ_బుల్లి
పెట్టుబడి చీరలు హైదరాబాద్ షోరూముల్లో కొనకండి. తెనాలి నుంచి బెజవాడ ఎంతని, అమ్మవాళ్లు అక్కడి బట్టల మార్కెట్ వస్త్రలతకి వెళ్తే హోల్‌సేల్ రేటుకి కట్టలు కట్టలు తెచ్చుకోవచ్చు. మిగిలిన డబ్బు మీ కంచిపట్టులో కలుపుకోండి.

ఫాల్గుణంలో_పెళ్లి
రెండు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. ఏం జరిగిందో చెప్పాలిగా.

శనివారం ఇద్దరం వెళ్లాం. మూడు షాపులు. మొదటి దాంట్లో "కంచి మోడల్" అన్నారు, ధర్మవరం అన్నగారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మూడో షాపులో, తెల్ల దుప్పటి పరిచిన పరుపు ముందు కూర్చున్నాం. అమ్మే ఆవిడ ఓపికైన మనిషి. ఒక్కో చీరా కొంగు పట్టుకుని విసిరితే పరుపు నిండా పరుచుకునేది. నలభై తీయించి ఉంటాను. ఈయన ప్రతి చీరకీ "బాగుంది" అన్నారు. నలభై చీరలకీ ఒకే గొంతు. చివర్లో రాణి రంగు ఒళ్లు, ఆకుపచ్చ అంచు చీర ఒకటి వచ్చింది. తిరగేసి అంచు కలిసే చోట వేలితో రాశాను. గరుకు తగిలింది! గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూశాను. 46,000. ఆవిడ నా భుజం మీద వేసి అద్దం ముందు నిలబెడితే ఈయన ఏమీ అనలేదు. "బాగుంది" కూడా అనలేదు. ఊరికే చూస్తూ ఉన్నారు. అప్పుడే ఖాయం చేసుకున్నాను.

ఆదివారం టెంపో దిగాం. 14 కాదు, 11. పిన్నిగారి ప్లాన్ ప్రకారం అదే షాపుకి తీసుకెళ్లాం. మెట్లెక్కి నాలుగో అంతస్తుకి చేరామో లేదో, నిన్నటి ఆవిడ లేచి నిలబడి నవ్వుతూ, "వచ్చారా మేడమ్, మీ రాణి రంగు పక్కన పెట్టే ఉంచాను, సార్ బాగున్నారా?" అంది.

పదకొండు మందీ మా ఇద్దరి వైపు తిరిగారు. మా అమ్మ ముఖం చూడాలి. ఈయన పక్కనున్న బొమ్మకి కట్టిన చీర ధర చూస్తున్నట్టు నటించారు.

అత్తయ్యగారు ఏమీ అనకుండా పరుపు ముందు కూర్చుని ఆ చీర తెప్పించుకున్నారు. విప్పారు, తిరగేశారు, అంచు దగ్గర వేలితో రాశారు. అచ్చం నేను రాసినట్టే! ఆవిడకి ఎవరు చెప్పారో మరి. తర్వాత నా వైపు చూసి, "ఇదే నచ్చిందని నిన్ననే ఫోన్ల చెప్తే, ఈ మోకాళ్లతోని నేనెందుకు నాలుగు అంతస్తులు ఎక్కుదును బిడ్డా?" అన్నారు. బిల్లు ఆవిడే కట్టారు. బిల్లు మీద ప్యూర్ జరీ అని రాయమంటే కౌంటర్ దగ్గర అబ్బాయి రెండు నిమిషాలు లోపలికెళ్లి అడిగి వచ్చి రాశాడు.

మా పెద్ద మేనత్త మాత్రం ఇంకా మాట్లాడట్లేదు. ఆవిడ తీసిన చిలకాకుపచ్చ చీర ఎవరూ చూడలేదని.

మధుపర్కాలు మంగళగిరివి తెప్పించాం, కట్టి పీట మీద కూర్చుని చూశాను, గొడుగు లేవలేదు. ఆయనకి పొందూరు పంచె. షేర్వానీ అద్దెకే.

గోదారిగట్టు_పిన్ని
అయ్యో, అమ్మే ఆవిడకి చెప్పి పెట్టుకోవాలని నేను చెప్పడం మరిచాను! మా రోజుల్లో అమ్మేవాళ్లు మనల్ని గుర్తుపెట్టుకునేవాళ్లు కాదమ్మా. మేనత్తకి ఆ చిలకాకుపచ్చ చీరే కొని పెట్టుబడిగా పెట్టు.

నేతింటి_బిడ్డ
రాణి, ఆకుపచ్చ కుట్టంచు, మంచి చీర. బీరువాలో హ్యాంగర్‌కి వేలాడదీయొద్దు, పాత నూలు పంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చు. సెంటు కొట్టుకున్నాక చీర కట్టుకో, చీర మీద కొట్టుకోవద్దు, జరీ నల్లబడుతుంది.

నలభై_చీరలు_చూసినవాడు
అందరికీ నమస్కారం, కొత్త సభ్యుణ్ని. పై కథలో పెళ్లికొడుకుని. లింకు మా చెల్లెలు పంపింది.

ఒక్క విషయం సరిచేయాలి. నలభై చీరలకీ "బాగుంది" అనలేదు. పదిహేడోది, ఆ నెమలి రంగుది, "ఇది వద్దేమో" అన్నాను. అప్పుడు ఈవిడ నా వైపు చూసిన చూపుకి మిగతా ఇరవై మూడూ బాగున్నాయి.

ఫాల్గుణంలో_పెళ్లి
మీకు ఇక్కడ ఖాతా ఎవరు తెరవమన్నారు? ముందు టైలర్ దగ్గరికి వెళ్లి లాల్చీ కొలతలు ఇచ్చి రండి, మూడుసార్లు ఫోన్ చేశాడు.